జమాఖర్చుల వ్యాకరణము

తెలుగు పాఠములు చెప్పుకొను వానికి కంపెనీల జమాఖర్చులతో పనియేమి యని చదువరులు నవ్వవచ్చును. నేనును చాలకాలము అట్లే తలచితిని. అంకెలు వారి సొత్తు, మాటలు మా సొత్తు అని నడుమ గిరి గీసికొని కూర్చుంటిని. కాని 2014 నాటి వార్త ఒకటియు, 2025 నాటి వార్త ఒకటియు పక్కపక్కన పెట్టి చదివినప్పుడు ఆ గిరి చెరిగిపోయినది. రెండును పెద్ద వర్తకసంస్థల లాభమునకు సంబంధించిన వార్తలే. రెండింటను తప్పు కూడికలో లేదు, తీసివేతలో లేదు. క్రియలో ఉన్నది. ఇంకను స్పష్టముగ చెప్పవలెనన్న, క్రియాకాలములో ఉన్నది. అది మా వృత్తికి సంబంధించిన విషయమే గనుక నాలుగు మాటలు చెప్ప సాహసించుచున్నాను.

ముందుగా నా చిన్ననాటి ముచ్చట యొకటి. మా వీధి చివర ఒక కిరాణా కొట్టు ఉండెడిది. గల్లాపెట్టె ప్రక్కన చాపమీద ముసలి గుమాస్తా ఒకరు కూర్చుండి చిఠ్ఠా వ్రాయుచుండెడివారు. నేను ఇంటినుండి ఉప్పునకో పప్పునకో వెళ్ళి, పొట్లము కట్టులోపల ఆయన వ్రాతను చూచుచు నిలుచుండెడివాడను. ఒకనాడు సబ్బుల కంపెనీ ఏజెంటు వచ్చి, “దీపావళిలోగా పది పెట్టెలు అమ్మండి, పదకొండోది మా కంపెనీ ఊరికే ఇస్తుంది” అని చెప్పి వెళ్ళెను. గుమాస్తాగారు ఆ మాటను చిఠ్ఠాలో ఎక్కించలేదు. చిన్న కాగితపు ముక్కపై వ్రాసి, గోడకున్న ఇనుప ఊచకు గుచ్చిరి. ఎందుకట్లు చేసితిరని అడిగితిని. “అది సరుకు కాదు బాబూ, మాట. బండి దిగిన రోజున చిఠ్ఠాలోకి ఎక్కుతుంది. అందాకా ఊచమీదే ఉంటుంది” అని ఆయన బదులు చెప్పిరి. ఆ మాటయొక్క బరువు నాకు నలుబదియేండ్ల తరువాత గాని తెలియలేదు.

ఇక వార్తలకు వత్తము. డబ్ల్యు. హెచ్. స్మిత్ అను పేరు పుస్తకప్రియులకు తెలియని పేరు కాదు. 1792లో లండనులో ఒక దంపతులు పెట్టిన చిన్న వార్తాపత్రికల దుకాణము పెరిగి పెద్దదై, 1848లో యూస్టన్ రైల్వేస్టేషనులో పుస్తకాల అంగడి తెరచినది. రైలు ప్రయాణమునకు పుస్తకమును తోడుచేసిన ఖ్యాతి ఆ సంస్థకు దక్కినది. అట్టి సంస్థ 2025 ఆగస్టు 21న ఒక ప్రకటన చేసెను. ఉత్తర అమెరికాలోని తన దుకాణములనుండి రాగలదని చెప్పిన లాభము సుమారు 3 కోట్ల పౌనుల మేర ఎక్కువగా చూపబడినదనియు, సరుకు సరఫరాదారులనుండి రావలసిన సొమ్మును కాలముకంటె ముందుగా లెక్కలోనికి తీసికొనుటయే అందుకు ముఖ్యకారణమనియు ఆ ప్రకటన సారాంశము. ఒక్కదినములో ఆ సంస్థ వాటాల ధర నూటికి 40కి పైగా పడిపోయెను. నవంబరులో ప్రధాన కార్యనిర్వాహకుడు పదవి వదలెను.

ఈ వార్త చదివిన వారికి మరియొక పేరు జ్ఞప్తికి రాక మానదు. ఆ పేరు టెస్కో. పదునొకండేండ్ల ముందు, అనగా 2014లో, అదే దేశమునకు చెందిన సంస్థ, అదే పద్దులో, అదే విధముగ జారిపడెను. ఒకచోట ఒకరు జారినచో అజాగ్రత్త యనుకొందుము. అదే మెట్టుపై మరియొకరును జారినచో మెట్టునే పరీక్షింపవలెను.

టెస్కో కథ పాతబజారు కథ. మొదటి ప్రపంచయుద్ధమునుండి తిరిగివచ్చిన జాక్ కోహెన్ అను యువకుడు 1919లో తూర్పు లండనులో ఒక బల్ల పరచుకొని, సైన్యమునకు మిగిలిపోయిన తినుబండారములు అమ్మ మొదలిడెను. 1924లో టి. ఇ. స్టాక్‌వెల్ అను వర్తకునివద్ద తేయాకు కొని, ఆతని పేరులోని మొదటి అక్షరములకు తన ఇంటిపేరులోని మొదటి అక్షరములు చేర్చి, టెస్కో అను పేరు కల్పించెను. సరుకు అమ్మినవాని పేరును తన పేరులోనే నిలుపుకొన్న వర్తకమది. ఈ సంగతిని చదువరులు గుర్తుంచుకొందురుగాక. దీనితో మనకు ముందు పనియున్నది. తొంబదియేండ్లు గడచునప్పటికి, బ్రిటనులో ప్రజలు కిరాణా సరుకులకై వెచ్చించు సొమ్ములో నాలుగవ వంతునకు మించి ఆ ఒక్క సంస్థ గల్లాలలోనే పడుచుండెను.

2014 ఆగస్టు 29న టెస్కో తన అర్ధసంవత్సర లాభము సుమారు 110 కోట్ల పౌనులు ఉండగలదని చెప్పెను. నాలుగు వారములు తిరుగులోపల, సెప్టెంబరు 22న, ఆ అంచనాలో సుమారు 25 కోట్ల పౌనులు లేని లాభమని తానే ఒప్పుకొనెను. రావలసిన సొమ్మును ముందుగా జమకట్టుట, కట్టవలసిన ఖర్చును ఆలస్యముగా వ్రాయుట, ఈ రెండే కారణములని చెప్పెను. ఆ దినముననే సంస్థ వాటాల విలువలో సుమారు 200 కోట్ల పౌనులు హరించిపోయెను. అక్టోబరు 23 నాటికి డెలాయిట్ అను లెక్కల సంస్థ పరిశీలించి మొత్తమును 26 కోట్ల 30 లక్షల పౌనులుగ తేల్చెను. అందు 11 కోట్ల 80 లక్షలు ఆ అర్ధసంవత్సరమునకు చెందినవి. 7 కోట్లు అంతకుముందు సంవత్సరమునకు, 7 కోట్ల 50 లక్షలు ఇంకను వెనుకటి సంవత్సరములకు చెందినవి. ఈ మూడు అంకెలను జ్ఞాపకముంచుకొనుడు. రోగము ఒక్కనాడు పుట్టినది కాదని ఇవి చెప్పుచున్నవి.

ఈ సొమ్ము ఏమిటి? ఎక్కడనుండి వచ్చును? పెద్ద అంగడికి సరుకు పంపువాడు కేవలము సరుకు మాత్రమే పంపడు. ఏడాదిలో ఇంత సరుకు అమ్మినచో ఇంత తిరిగి ఇత్తునని ఒప్పుకొనును. పండుగ తగ్గింపు ధరలో తన వంతు భరించును. తన సరుకు బాటసారి కంటబడునట్లు అలమర చివర పెట్టించినందుకు కొంత చెల్లించును. మా గుమాస్తాగారి పదునొకండవ సబ్బుపెట్టెయే ఇది. పరిమాణము మాత్రము కోట్లకు పెరిగినది. అంతర్జాతీయ లెక్కల నియమముల ప్రకారము ఇట్టి తగ్గింపులను సరుకు కొనుగోలు వెలలోనుండి తీసివేయవలెను. కొనుగోలు వెల తగ్గినకొలది లాభము పెరుగును. కిరాణా వర్తకములో ప్రతి పౌను అమ్మకముపై మిగులునది అతిస్వల్పము. కనుక ఈ తగ్గింపు ఎప్పుడు వచ్చినదని వ్రాయుదుమో దానినిబట్టి లాభము ఉబ్బవచ్చును, కుంచించుకొని పోవచ్చును.

ఎప్పుడు? సమస్త వివాదము ఈ ఒక్క ప్రశ్నలో ఉన్నది. మా గుమాస్తాగారి పద్ధతి సులభమైనది: బండి దిగినప్పుడు. కాని ఆ పద్ధతి పెద్ద సంస్థలకు చాలదని ఒప్పుకొనవలెను. ఉపాధ్యాయుడు మార్చి నెలయంతయు పాఠములు చెప్పెను. జీతము ఏప్రిలులో చేతికి వచ్చెను. ఆ సొమ్ము ఏ నెల సంపాదన? మార్చి నెలదే యనుట న్యాయము. రొక్కము చేతబడినప్పుడు కాక, హక్కు పుట్టినప్పుడు వ్రాయవలెనను ఈ సూత్రముపైననే నేటి కంపెనీల లెక్కలన్నియు నిలచియున్నవి. మన దేశములోను 2013 నాటి కంపెనీల చట్టము 128వ సెక్షను ఇట్లే వ్రాయవలెనని శాసించుచున్నది. సూత్రము మంచిదే. కాని రొక్కమును చేతితో తాకి చూడవచ్చును. హక్కును తాకి చూడలేము. హక్కు పుట్టినదో లేదో నిర్ణయించునది మాట.

ఇక్కడ మా వ్యాకరణము అక్కరకు వచ్చుచున్నది. సొమ్మును గూర్చి నాలుగు విధములుగ చెప్పవచ్చును. వచ్చినది, రావలసినది, రానున్నది, రావచ్చునది. వచ్చినదానిని గూర్చి తగాదా లేదు. రావలసినది అనగా షరతు నెరవేరి, హక్కు పుట్టి, చేతికి అందవలసి యున్నది. దానిని జమకట్టుట ధర్మము. రానున్నది అనగా షరతు సగములో ఉన్నది. అందు ఇప్పటివరకు జరిగిన అమ్మకమునకు చెందిన భాగమును మాత్రమే, అదియును షరతు నెరవేరునని నమ్ముటకు గట్టి ఆధారమున్నప్పుడే వ్రాయవలెను. రావచ్చునది కేవలము ఆశ. దానికి తగిన చోటు గోడమీది ఇనుప ఊచ.

తెలుగు వ్యాకరణము భూత, వర్తమాన, భవిష్యత్తులతోపాటు తద్ధర్మకాలమని నాల్గవ కాలమును చెప్పును. “మా ఊరికి బస్సు ఏడు గంటలకు వచ్చును” అన్నచో అది బస్సుయొక్క అలవాటు. “రేపు మామయ్య వచ్చును” అన్నచో అది జరుగబోవు పని. రూపము ఒక్కటే, అర్థములు రెండు. లెక్కల గదిలో ప్రమాదము ఈ రూపము వెనుకనే దాగికొనును. “ఈ సరఫరాదారు ఏటేట తగ్గింపు ఇచ్చును” అనునది తద్ధర్మము. “కనుక ఈ ఏడును ఇచ్చును” అనునది భవిష్యత్తు. “ఇచ్చును గనుక ఇచ్చినట్లే” అనుచు చిఠ్ఠాలో భూతకాలము వ్రాయుట మూడవ మెట్టు. ఒక్కొక్క మెట్టు అంత ఎత్తుగా కనుపించదు. మూడు మెట్లు దిగి వెనుకకు చూచినచో గాని లోతు తెలియదు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమని మన పెద్దలు నవ్విన నవ్వు ఈ మూడవ మెట్టును చూచియే.

దీనివలన కలుగు అనర్థమును చిన్న ఉదాహరణతో చెప్పెదను. ఒక బిస్కత్తుల తయారీదారు ఏడాదికి 12 లక్షల రూపాయల తగ్గింపు ఇచ్చుననుకొందము. న్యాయముగ మొదటి అర్ధసంవత్సరమునకు 6 లక్షలు, రెండవదానికి 6 లక్షలు. మొదటి అర్ధములో అమ్మకములు తగ్గినవి. వాటాదారులకు మొగము చూపవలెను. కనుక రెండవ అర్ధపు 6 లక్షలను ముందే లాగి, మొత్తము 12 లక్షలు జమకట్టిరి. ఇప్పుడు రెండవ అర్ధమునకు మిగిలినది సున్న. దానిని పూడ్చుటకు వచ్చే ఏటి 6 లక్షలను లాగవలెను. ఆ పైయేడు అంతకుముందటి ఏటికంటె లాభము పెరిగినట్లు చూపవలెనన్న 6 చాలదు, 8 లాగవలెను. గొయ్యి పూడదు, ముందుకు జరుగుచు వెడల్పగును. అప్పు తీర్చుటకు అప్పు చేయువాని బ్రతుకిది. ఇందాక గుర్తుంచుకొనుడన్న మూడు అంకెలను మరల చూడుడు. వెనుకటి సంవత్సరములన్నింటికి కలిపి 7 కోట్ల 50 లక్షలు, తరువాతి పూర్తి సంవత్సరమునకు 7 కోట్లు, చివరి ఆరు నెలలకే 11 కోట్ల 80 లక్షలు. ఒక సంవత్సరములో చూపిన లేని లాభము మరుసటి సంవత్సరముపై అప్పుగా కూర్చుండెననుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

ఇంతవరకు చెప్పినది కాగితముపైని కథ. కాగితము దాటిన కథ మరియొకటి యున్నది. రావలసిన దానిని ముందుకు లాగువాని చేయి ఇయ్యవలసిన దానిని వెనుకకు నెట్టుటకును అలవాటు పడును. బ్రిటనులో పెద్ద అంగళ్ళకును సరుకు పంపువారికిని నడుమ న్యాయము చూచుటకు 2013 నాటి చట్టము ఒక న్యాయనిర్ణేతను నియమించినది. ఆ పదవిలోనున్న క్రిస్టీన్ టేకన్ టెస్కో వ్యవహారమును విచారించి, 2016 జనవరి 26న నివేదిక ప్రకటించెను. ఆ సంస్థ తన లాభపు లక్ష్యములను అందుకొనుటకై సరఫరాదారులకు ఇయ్యవలసిన సొమ్మును తెలిసి తెలిసి ఆలస్యము చేసినదని ఆమె తేల్చెను. ఒక సరఫరాదారునకు రావలసిన లక్షలాది పౌనులు, పొరపాటు బయటపడిన తరువాత సంవత్సరమునకు పైగా గడచినగాని అందలేదట. జరిమానా విధించు అధికారము ఆమెకు ఆ కార్యములు జరిగిన తరువాత గాని రాలేదు. కనుక జరిమానా లేకపోయెను. సరుకు ఇచ్చినవాని పేరును తన పేరులో మొదట నిలుపుకొన్న సంస్థ, సరుకు ఇచ్చువారి సొమ్మును తన లాభము చివర నిలుపుకొనినది. లెక్కల విధానము ఎవరికి సంబంధించినదని అడుగువారికి ఇదియే సమాధానము. లండనులోని ధనికులకు మాత్రమే కాదు. బిస్కత్తులు కాల్చువానికి, పాలు పితుకువానికి, కూరగాయలు మూట కట్టువానికి సంబంధించినది.

మరి కాపలాదారులు ఏమి చేసిరి? టెస్కో లెక్కలను 1983 నుండియు ప్రైస్ వాటర్‌హౌస్ కూపర్స్ వంశమునకు చెందిన ఆడిటర్లే తనిఖీ చేయుచుండిరి. 2014 మే నెలలో వెలువడిన వార్షిక నివేదికలో వారు, సరఫరాదారులనుండి వచ్చు సొమ్మును గూర్చిన లెక్కలో స్వంత అంచనాలకు తావు ఎక్కువనియు, దానిని తారుమారు చేయు ప్రమాదము కలదనియు వ్రాసియే యుండిరి. వ్రాసి, లెక్కలు సరిగనే యున్నవని సంతకము చేసిరి. నాలుగు నెలలకు గోడ కూలెను. ఆ ఆడిట్‌పై బ్రిటను ఆర్థిక నివేదికల మండలి విచారణ జరిపి, 2017లో చర్య యేమియు లేకుండ ముగించెను. ఆడిటర్లను నిందించుట నా ఉద్దేశము కాదు. ఆ వాక్యము అచ్చులో ఉన్నది, చదువవలసినవారు చదువలేదు. గోడకు బీటయున్నదని వ్రాసిన వాక్యముకంటె, ఇల్లు బాగున్నదని చెప్పిన చివరి వాక్యమే అందరకును చాలినది. ఇంతకు ఈ సంగతి వెలికి వచ్చుటకు కారణము ఆడిటరు కాదు, లోపలి ఉద్యోగుల హెచ్చరిక. సెప్టెంబరులో అది సంస్థ న్యాయాధికారికి అందెను. అంతకు కొన్నినాళ్ళ ముందే క్రొత్త ప్రధానాధికారి డేవ్ లూయిస్ పదవిలోనికి వచ్చి యుండెను.

వ్యాకరణములో కాలము తరువాత అడుగవలసిన ప్రశ్న కర్తను గూర్చినది. చేసినవాడెవడు? “లాభము ఎక్కువగా చూపబడెను” అని ప్రకటనలు చెప్పును. ఈ ‘పడు’ ధాతువు చేరిన కర్మణి ప్రయోగము తెలుగునకు అంత ఇష్టమైనది కాదు. మన పల్లెటూరి వాడు “కుండ పగిలింది” అనునేగాని “కుండ పగులగొట్టబడింది” అనడు. కాని కంపెనీల నివేదికలకు అది కన్నతల్లి వంటిది. కర్త అందులో హాయిగ దాగికొనును. టెస్కో విషయములో 2017లో ఆ సంస్థ దుకాణముల విభాగము తీవ్రమోసముల విచారణాలయముతో ఒప్పందము చేసికొని, సుమారు 12 కోట్ల 90 లక్షల పౌనుల జరిమానా చెల్లించుటకు అంగీకరించెను. న్యాయస్థానము ఆ ఏప్రిలులో దానిని ఆమోదించెను. ఆగస్టు 29 ప్రకటనను నమ్మి, నిజము బయటపడులోపల వాటాలు కొన్నవారికి పరిహారముగ సుమారు 8 కోట్ల 50 లక్షలు ఇయ్యవలసి వచ్చెను. ముగ్గురు మాజీ అధికారులపై నేరవిచారణ జరిగినది. అందు ఇద్దరిపై సమాధానము చెప్పవలసినంత సాక్ష్యమే లేదని 2018లో న్యాయమూర్తి తేల్చెను. 2019 జనవరిలో మూడవ వానిపై విచారణాలయము సాక్ష్యము పెట్టకుండ విరమించుకొనెను. ముగ్గురును నిర్దోషులు. కనుక ఇందు ఏ వ్యక్తికిని నేరము అంటగట్టుట అధర్మము. కాని వాక్యమును ఒక్కమారు చూడుడు: కర్మ యున్నది, క్రియ యున్నది, జరిమానా యున్నది, కర్త లేడు. జరిమానా సంస్థ కట్టినది. అనగా వాటాదారుల సొమ్మునుండి కట్టినది.

తెలుగువారికి లెక్కల వార్త యన్నచో 2009 జనవరి 7 జ్ఞప్తికి రాక తప్పదు. ఆనాడు హైదరాబాదులోని సత్యం సంస్థ అధ్యక్షుడు తన లేఖలో, బ్యాంకులలో ఉన్నట్లు చూపిన సొమ్ములో 5,040 కోట్ల రూపాయలు లేవని ఒప్పుకొనెను. ఆ దెబ్బ మనలో కొందరి కుటుంబములను తాకినది. కాని ఆ కథకును ఈ కథకును భేదము కలదు. అక్కడ లేనిది ఉన్నదని వ్రాసిరి. అది అసత్యమని పసివానికిని తెలియును. ఇక్కడ సొమ్ములో ఎక్కువభాగము నిజమైనదే; ఒప్పందములు నిజమైనవే; సరఫరాదారులు నిజమైనవారే. కాలము మాత్రము మారినది. ఇట్టి తప్పు చేయువానికి తాను అబద్ధమాడుచున్నానని తోచదు. “ఎట్లును వచ్చునది గదా, నాలుగు నాళ్ళు ముందు వ్రాసితిమి” అనుకొనును. మొదటిదానికంటె ఈ రెండవ తప్పే మనకు సమీపమైనది, కనుక మిక్కిలి భయంకరమైనది.

మన నగరములలోను పెద్ద బజారులు వెలసినవి. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణములలో నెల సరుకులకై జనము అక్కడనే బారులు తీరుచున్నారు. ఆ అలమరల వెనుకను తగ్గింపుల ఒప్పందములు ఉండునవే. సరుకు పంపు చిన్నవాని రక్షణకై 2006లో సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టము వచ్చినది. సూక్ష్మ, చిన్న సంస్థలకు కొనుగోలుదారు 45 దినములకు మించి గడువు పెట్టుకొనరాదనియు, గడువు దాటినచో బ్యాంకు రేటునకు మూడురెట్ల చక్రవడ్డీ కట్టవలెననియు అది చెప్పుచున్నది. 2023 ఆర్థిక చట్టము ఇంకొక ముడి వేసెను. అట్టివారికి గడువులోపల చెల్లింపని సొమ్మును, చెల్లించిన సంవత్సరమున గాని కొనుగోలుదారు ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగ చూపుకొనరాదని చెప్పినది. ఇందలి సూక్ష్మమును గమనింపుడు. ధర్మము నేర్పుటకు శాసనకర్తలు నీతిశ్లోకము చెప్పలేదు. లెక్క వ్రాయు కాలమును మార్చిరి. లెక్కల కాలమునకును మనుష్యుల బ్రతుకులకును గల ముడి ఎంత గట్టిదో దీనివలన తెలియుచున్నది.

వాణిజ్యశాస్త్రము చదువు విద్యార్థులకు ఒక్క సలహా. ఏ సంస్థ వార్షిక నివేదికను చేతబట్టినను లాభపు అంకెవద్దకు పరుగెత్తకుడు. వెనుకనుండు ‘లెక్కల విధానములు’ అను పుటలను ముందు చదువుడు. అవి నీరసముగ నుండును. వ్యాకరణమును అట్లే యుండును గదా! చదువుచు మూడు ప్రశ్నలు వేసికొనుడు. ఈ ఆదాయము ఎప్పుడు తమదని వీరు అనుకొనుచున్నారు? దానిని అంచనా వేసినది ఎవరు, ఏ ఆధారమున? నిరుడును ఇదే నియమమా, ఈ ఏడు మార్చిరా? ఇందు కూడికలు తీసివేతలు లేవు. వాక్యము చదువగలిగిన వాడెవడైనను అడుగదగిన ప్రశ్నలే.

ఉపాధ్యాయ సోదరులతో చెప్పుకొనవలసినది వేరొకటి యున్నది. ఉద్యోగములో చేరిన తొలినాళ్ళలో నేను నెలనెల పాఠ్యప్రణాళిక దస్తరములో “ఈ భాగము పూర్తియైనది” అని వ్రాయవలసి యుండెడిది. ఒక నెల సమ్మెలవలన తరగతులు సరిగ జరుగలేదు. వ్యాకరణభాగము సగము మిగిలియున్నది. వచ్చే నెల చెప్పెదను గదా యని, పూర్తియైనదని వ్రాసి సంతకము చేసితిని. అబద్ధమాడితినని ఆనాడు నాకు తోచలేదు. మరుసటి నెలలో ఆ సగము చెప్పుటకు కాలము సరిపోలేదు. ఆ నెల పాఠమును మరల పై నెలకు నెట్టితిని. అట్లు జరిగి జరిగి సంవత్సరాంతమునకు దస్తరము నిండినది, ఛందస్సు మిగిలిపోయినది. పరీక్షలో ఛందస్సు ప్రశ్న వచ్చెను. ఫలితములు వచ్చిన తరువాత ఒక పిల్లవాడు నా యెదుట నిలుచుండి, “మాస్టారూ, మీరు అది చెప్పలేదు కదండీ?” అనెను. వానికి చూపుటకు నావద్ద దస్తరము ఉన్నది. అందు నా సంతకము ఉన్నది. ఆ దస్తరమును వానికి చూపలేదు.

టెస్కో లెక్కలను గూర్చి చదువునప్పుడెల్ల నాకు జ్ఞప్తికి వచ్చునది ఆ పిల్లవాని ముఖమే. 26 కోట్ల పౌనులకును ఒక ఛందస్సు పాఠమునకును సామ్యమేమి యని ఎవరైన అడుగవచ్చును. నేను వ్రాసిన క్రియాపదమే వారును వ్రాసిరి. నేను వాడిన కాలమునే వారును వాడిరి. నా దస్తరముయొక్క బాకీని విద్యార్థి తీర్చెను. వారి చిఠ్ఠాయొక్క బాకీని సరఫరాదారుడును వాటాదారుడును తీర్చిరి.

మా వీధి చివరి కొట్టు ఇప్పుడు లేదు. ఆ స్థలములో అద్దముల అంగడి వెలసినది. ఆ యేడు దీపావళి దాటిన తరువాత పదునొకండవ సబ్బుపెట్టె బండి దిగుట నేను చూచితిని. గుమాస్తాగారు లేచి, పెట్టె మూత ఎత్తి చూచి, గోడకున్న ఊచనుండి ఆ కాగితపు ముక్కను తీసి, చింపి, అప్పుడు చిఠ్ఠా తెరచి కలము చేతబట్టిరి.